జపాను అంతర్జాల వేలములు: పరదేశ క్రేతలు, మధ్యవర్తులు

జపాను దేశమునందు అంతర్జాలముపై జరుగు వేలంపాటలలో ఆ దేశపు నివాసులు కానివారు తమ పేర పాట పాడుటకు సామాన్యముగా వీలులేదు. అందుచేత అచ్చటి చిరునామాయు, బ్యాంకు ఖాతాయు, టెలిఫోను సంఖ్యయు గల యొక సంస్థను నడుమ నిలుపుకొని సరుకు తెప్పించుకొను పద్ధతి ఇరువది సంవత్సరములకు పైగా బలపడుచు వచ్చి, నేడు ప్రత్యేక వాణిజ్యశాఖగా నెలకొన్నది. పరదేశి కోరిన వస్తువునకు పాట పాడి, పాట దక్కినచో సొమ్ము చెల్లించి, అమ్మినవాడు పంపిన పొట్లమును తన గిడ్డంగిలో దింపుకొని, మరల కట్టి, ఓడపైననో విమానముపైననో పంపివేయుట ఈ మధ్యవర్తి పని. పైకి ఇది మోత కూలివలె కనబడును గాని, కొనువాడు చెల్లించు రుసుములో అధికభాగము జపానునందు కొన్ని దినములపాటు ఒక నివాసిగా చెలామణి యగు హక్కునకు వెల యనవలెను. ఈ వ్యాపారమునందలి సౌలభ్యములును చిక్కులును ఈ ఒక్క కారణము నుండియే పుట్టినవి.

చరిత్ర

అమెరికాలోని యాహూ, జపానులోని సాఫ్ట్‌బ్యాంకు కలిసి 1996లో యాహూ జపాను సంస్థను స్థాపించినవి. దాని వేలములు 1999 సెప్టెంబరులో ఆరంభమైనవి. అమెరికాలో నప్పటికే ఈ వర్తకమున అగ్రగామిగా నున్న ఈబే 2000 సంవత్సరారంభమున జపానులో నడుగిడెను. కాని కొన్ని నెలల ముందే వచ్చిన యాహూ అమ్మకందారుల యొద్ద రుసుము గైకొనక జనమును చేరదీసియుండెను. ఈబే రుసుము నడుగుటయే గాక క్రెడిట్ కార్డు వివరములను గూడ కోరెను. నగదుతోను బ్యాంకు బదిలీతోను లావాదేవీలు నడుపుకొను అలవాటు గల జపాను గృహస్థులు దానివంక చూడకుండుటచే 2002 మార్చిలో అది దుకాణము కట్టివేసెను. ఈ పరాజయ ఫలము దూరగామి యైనది. ఈబే నిలిచియున్నచో జపాను ఇండ్లలోని పాతసామాను లోకమంతటి క్రేతలకు ఒకే అంగడిలో కనబడెడిది. అది తొలగుటచే ఆ సామానంతయు జపాను భాషలో, జపాను చిరునామాల మధ్య, యెన్ నాణెములో మాత్రమే చేతులు మారు లోపలి సంతగా మిగిలిపోయినది. ఆ సంతకు వెలుపలివారు పోవు దిడ్డివాకిలియే మధ్యవర్తి సంస్థ.

మొదట ఈ పని సంస్థలది కాదు. జపానులో చదువుకొనుచున్న విద్యార్థులును, అచ్చట ఆంగ్లము బోధించు విదేశీయులును, స్నేహమునకో చిల్లర కమీషనునకో తమ దేశమువారికి వస్తువులు కొని పంపుచుండిరి. అభిరుచి గలవారి సంఖ్య పెరిగిన కొలది ఇది వృత్తియై, వృత్తి సంస్థయైనది. ఫ్రమ్ జపాన్ వంటి సంస్థలు ఆంగ్లమున పుటలు నిర్మించి, వేలములోని వస్తువులను అనువాదముతో చూపి, కార్డుతో సొమ్ము గైకొన నారంభించినవి. 2008లో వెలసిన టెన్సో పాట పాడునది కాదు; కొనువాడే కొనుక్కొన్న సరుకునకు జపాను చిరునామా యొకటి అద్దెకిచ్చి, వచ్చిన పొట్లమును పైదేశమునకు మరలించునది. ఆ సంస్థయే 2012లో బయ్యీ యను పేర వేలము కొనుగోలును చేపట్టి, యాహూ జపానుతో ఒడంబడిక కుదుర్చుకొనెను. ఒసాకా నగరమున 2014లో జెన్‌మార్కెట్ వెలసినది. ఇంతలో 2013 జూలైలో మెర్కారి యను సంస్థ పాట లేకుండ, అమ్మువాడు చెప్పిన ధరకే చేతి టెలిఫోనుపై పాతసామాను అమ్ముకొను ఏర్పాటు చేయగా, యువజనులలో ననేకులు అటు మరలిరి. మధ్యవర్తులును వారి వెంబడి పోయి నేడు ఆ అంగడి సరుకును గూడ తెచ్చి యిచ్చుచున్నారు.

2022 ఏప్రిల్ 6వ తేది ఈ చరిత్రలో గుర్తుంచుకొనదగినది. ఆ దినము నుండి యాహూ జపాను సంస్థ ఐరోపా ఆర్థికమండలమునకును బ్రిటనునకును తన పుటలను చాలవరకు మూసివేసెను. అంతవరకు వేలమును కన్నులారజూచి, పాటకు మాత్రము మధ్యవర్తి నాశ్రయించుచుండిన ఐరోపీయులు నాటినుండి చూచుటకు గూడ మధ్యవర్తి పుటలపై నాధారపడవలసిన వారైరి.

కోరబడు వస్తువులు

జపాను కర్మాగారములు పైదేశములకు పంపిన సరుకు వేరు, స్వదేశమునకై చేసిన సరుకు వేరు. ఈ రెండవ తెగయే వేలములకు జీవము. 1970, 1980 దశకములలో గ్రెకో, టోకై పేర్లతో అమెరికా గిటార్ల పోలికన చేసిన వాద్యములు, 1983లో వచ్చిన ఫామికోం యంత్రపు ఆటలు, అంచున అచ్చు కాగితపు పట్టీ చెడకుండ నిలిచిన ఎల్‌పీ రికార్డులు, గుండం బొమ్మల పెట్టెలు, మోటారుకార్ల విడిభాగములు, షిమానో, దైవా గాలపు చక్రములు ఇందలి ప్రధాన వస్తువులు. లోలిత ఫక్కీ దుస్తులు ధరించు అమెరికా, ఐరోపా యువతులు మధ్యవర్తుల తొలి ఖాతాదారులలో చేరుదురు. తమ కొలతకు సరిపడు పాత గౌనొకటి వేలములో కనబడినదన్న వార్త వారిలో నొకరి నుండి యొకరికి క్షణములో పాకుచుండెడిది.

పట్టు కిమోనోల సంగతి ప్రత్యేకముగా చెప్పదగియున్నది. తల్లులును అవ్వలును పెండ్లికై కుట్టించుకొని బీరువాలలో దాచిన చీనాంబరములను నేటి జపాను యువతి ఏడాదికొక్కసారియైనను ధరింపదు. ఇండ్లు చిన్నవి, దాచుటకు చోటులేదు. కావున కుట్టుకూలికి సైతము చాలని వెలకు అవి కట్టలు కట్టలుగా వేలమున కెక్కును. కొనువారిలో దానిని కట్టుకొనువారు కొందరే. కత్తిరించి బొంతలు కుట్టువారు, సంచులు చేయువారు, గోడకు వ్రేలాడదీయువారు పెక్కురు. నేత యెరిగినవారికి ఈ కత్తెర మనసునకు కష్టము కలిగించును గాని, బీరువాలో పురుగు తినుటకంటె ఇది మేలని అమ్మువారి వాదము.

జపానువారి పాతసామానునకు మరియొక గుణము గలదు. కొన్ననాటి అట్టపెట్టె, వాడుక తెలుపు చిన్నపుస్తకము, పూచీపత్రము మొదలగునవి వస్తువుతోపాటు దాచియుంచు అలవాటు అచ్చట విరివిగా కనబడును. అమ్మువాడు గూడ గీతయొక్కటి యున్నను దాని కొక ఛాయాచిత్రము తీసి పెట్టును. పరదేశి ఎన్నడును చేతితో తాకని వస్తువునకు వేలకొలది యెన్‌లు పాడుటకు సాహసించుటలో ఈ అలవాటునకు గొప్ప పాలు గలదు.

పాట జరుగు తీరు

వేలము కొన్ని దినములు సాగి, నిర్ణీత సమయమున ముగియును. కొనువాడు తన గరిష్ఠ ధర తెలిపినచో, ఎదుటివాని పాటకంటె ఒక మెట్టు మాత్రమే హెచ్చుచు యంత్రమే పాడుచుండును. ఆ మెట్టు వేయి యెన్‌ల లోపు 10 యెన్‌లు. ధర పెరిగిన కొలది పెరిగి 50,000 దాటినప్పుడు 1,000 అగును. అమ్మువాడు కోరినచో స్వయంవిస్తరణ యను నియమము వర్తించును. ముగియుటకు ముందు ఐదు నిమిషములలో పాట హెచ్చినచో గడువు మరి ఐదు నిమిషములు పొడుగును. చివరి క్షణమున పాడి తన్నుకుపోవు ఎత్తుగడకు ఇది విరుగుడు. అట్టి వేలము ఒక్కొక్కప్పుడు పట్టుదల గల ఇరువురి మధ్య గంటసేపు సాగుట గలదు. వీనికి భిన్నముగా, అమ్మువాడు తక్షణ విక్రయ ధర యొకటి నిర్ణయించియున్నచో, ఆ ధర పాడినవానికి వేలము అప్పుడే కొట్టివేయబడును.

వేలములు అధికముగా జపాను రాత్రివేళ, జనులు ఇండ్లకు చేరిన పిమ్మట ముగియును. అచ్చట రాత్రి పది గంటలైనప్పుడు హైదరాబాదున సాయంకాలము ఆరున్నర. వేసవిలో కాలిఫోర్నియాయందు తెల్లవారుజామున ఆరు. మధ్యవర్తులలో కొందరి యంత్రములు పరదేశి పాటను వెంటనే వేలమునకు చేరవేయును. కొందరియొద్ద ఉద్యోగియే చేతితో పాడును గనుక ముందుగా తెలుపవలయును. సొమ్ము ముందుగా జమకట్టనిదే పాట పాడనివారు అనేకులు. ఒకే సంస్థ ఖాతాదారులిద్దరు ఒకే వస్తువు కోరినప్పుడు చిత్రమైన స్థితి యేర్పడును. ఒక ఖాతా తనతో తాను పోటీపడజాలదు గనుక, సంస్థ వేరువేరు ఖాతాలుంచుకొనుటయో, ఒకరిని వెనుకకు పంపుటయో చేయవలసివచ్చును.

వర్ణనను చదువుటలోనే కొనువాని నేర్పంతయు నున్నది. ‘జంకు’ అని వ్రాసినచో పనిచేయునని పూచీ లేదని యర్థము. నిజమునకు చక్కగా పనిచేయు కెమేరాను గూడ, తగవు రాకుండుటకై, జాగరూకుడైన అమ్మకందారు ఆ వర్గముననే పెట్టును. ‘నో క్లెయిమ్, నో రిటర్న్’ అనునది ఫిర్యాదు గాని వాపసు గాని వలదని ముందే చెప్పుట. కటకముల వర్ణనలో ‘కబి’ యన్నచో బూజు, ‘కుమోరి’ యన్నచో గాజులోపలి మసక. ఇందు మొదటిది శుభ్రపరుప వీలుండవచ్చును గాని, రెండవది పెక్కుసార్లు కటకముతోనే పోవును.

ఉదాహరణమునకు పైలట్ సంస్థ 1971లో విడుదల చేసిన మ్యూ 701 అను కలమును తీసికొందము. దాని పాళీ అతికించినది కాదు. వ్రేళ్లు పట్టు ఉక్కుభాగముతో నేకఖండముగా మలచబడినది. అందుచే కొన వంగినచో మార్చుటకు వేరు పాళీ లేదు. కొనువాడు చూడవలసినది మెరుపును గాక, పాళీ రెండు పాయలును కొనవద్ద సరిగా కలిసియున్నవా యనునది. ఆ కోణము నుండి తీసిన ఛాయాచిత్రము లేనిచో అమ్మువానిని అడుగవలెను. ఇచ్చటనే మధ్యవర్తి కొరత తెలియును. రుసుము చెల్లించినచో ప్రశ్నను జపాను భాషలో పెట్టువారు కొందరు గలరు. ప్రశ్నలు పెట్టుట తమ పని కాదనువారు అంతకంటె నెక్కువ. పైలట్ పాళీలపై చెక్కిన ‘హెచ్’ అక్షరము హిరత్సుకా కర్మాగారమును, ప్రక్క అంకెలు నెలను సంవత్సరమును తెలుపును. దీనిని బట్టి వయస్సు గుర్తించుట అభిరుచి గలవానికి తెలిసినదే గాని, గిడ్డంగి ఉద్యోగికి అది గీతలవలె కనబడును.

వ్యయము

పాట ధరను చూచి ఉబ్బిపోయిన కొత్తవాడు కడపటి పట్టీని చూచి నివ్వెరపోవుట ఈ రంగమున సామాన్యము. ఊహకొక లెక్క వేసి చూతము. పాట ధర 9,000 యెన్‌లు. అమ్మువాని ఊరినుండి గిడ్డంగికి రవాణా 600. మధ్యవర్తి రుసుము 500. మరల కట్టుటకు 500. విదేశ రవాణా 2,400. మొత్తము 13,000. అదే కొనువాడు 1,000 యెన్‌ల చిల్లర వస్తువు పాడియున్నచో తక్కిన ఖర్చులు మారవు గనుక 5,000 అగును. అనగా వస్తువునకు అయిదింతలు. అందుచే అనుభవము గలవారు గిడ్డంగిలో నెల, నెలన్నర వరకు పలు వస్తువులను పోగుచేసి, అన్నింటిని ఒకే పెట్టెలో తెప్పించుకొందురు. ఉచితముగా నుంచు గడువు దాటినచో దినమునకింతని అద్దె పడును.

పైన కనబడని మూడు ఖర్చులు గలవు. మొదటిది మారకము; మధ్యవర్తి లెక్కించు యెన్ ధర బ్యాంకు ధరకంటె కొంత హెచ్చుగా నుండుట కద్దు. రెండవది వినిమయపు పన్ను. 2019 అక్టోబరు నుండి జపానులో అది 10 శాతము. గృహస్థుడమ్మిన పాత వస్తువునకు ఇది లేదు గాని, వేలములో దుకాణములు పెట్టు సరుకునకు పాట ధరపైన కలియవచ్చును. మూడవదియు, పెక్కుమందిని దెబ్బతీయునదియు, పరిమాణపు తూకము. డీహెచ్ఎల్, ఫెడెక్స్ వంటి కొరియరు సంస్థలు పెట్టె నిడివిని వెడల్పును ఎత్తును సెంటీమీటర్లలో హెచ్చించి 5,000తో భాగించగా వచ్చినదానిని కిలోలుగా నెంచును. 60, 50, 40 సెంటీమీటర్ల పెట్టెలో నాలుగు కిలోల బొమ్మలున్నను దాని తూకము 24 కిలోలు. జపాను తపాలావారి ఈఎంఎస్ సేవ నిజమైన బరువునే చూచును గనుక తేలికయై పెద్దవైన వస్తువులకు అది యనుకూలము. ఓడటపా అన్నింటికంటె చవుక. రెండు మూడు మాసములు పట్టినను ఓర్చుకొనువానికి అది తగును.

పూచీ

చట్టము దృష్టిలో కొన్నవాడెవరు? వేలపు పుటలలో నమోదైనది మధ్యవర్తి ఖాతా. అమ్మువాడు సొమ్ము పొందినది వానియొద్ద; పంపినది వాని చిరునామాకు. మన దేశపు వాడుకలో చెప్పవలెనన్న, మధ్యవర్తి ఇందు బాహాటమైన బినామీ. ఆస్తి దాచుటకు గాక, అనుమతి లేనిచోట ప్రవేశము సంపాదించుటకు నిలిచినవాడు. యాహూ వేలములలో కొన్నవాని సొమ్ము వెంటనే అమ్మినవానికి చేరదు. సరుకు అందినదని కొన్నవాడు తెలిపిన పిమ్మటనే విడుదలయగును. ఈ ఏర్పాటు జపానునందలి కొనుగోలుదారునకు మంచి రక్షణ. పరదేశి విషయమున అది సగములోనే తెగిపోవును. గిడ్డంగికి పొట్లము చేరినంతనే మధ్యవర్తి ముట్టినదని తెలుపును. అంతటితో అమ్మినవాని బాధ్యత తీరును. కాని నిజమైన కొనుగోలుదారు ఆ పెట్టె విప్పునప్పటికి వారములో నెలలో గడచియుండును. లోపము బయటపడినను, అప్పటికి అమ్మినవానికి అతడెవరో తెలియదు. మధ్యవర్తియో, తన పని కొని పంపుట వరకే యని నియమావళి చూపును. గిడ్డంగిలో పెట్టె విప్పి పరీక్షించి ఛాయాచిత్రములు పంపు సేవను అదనపు రుసుముతో కొందరు జరుపుచున్నారు; విలువైన వస్తువు విషయమున ఆ కొద్దిపాటి యెన్‌లకు వెనుదీయరాదు.

రెండవవైపు అమ్మువారి కష్టమును గూడ గుర్తింపవలెను. మధ్యవర్తి ఖాతాలకు వేలకొలది కొనుగోళ్ల గుర్తింపుమార్కులుండును. పేరు చూడగనే అమ్మువానికి సంగతి తెలియును. తన వస్తువు ఏ దేశమునకు పోవునో, అచ్చట విరిగినచో తనపై నింద పడునో యన్న భీతిచేత కొందరు మధ్యవర్తులకు అమ్మబోమని వర్ణనలోనే వ్రాయుచున్నారు. దానిని లక్ష్యపెట్టక పాడిన పాటను అమ్మువాడు రద్దుచేయుట కద్దు.

నిషేధములు, సుంకములు

వేలమున దక్కిన ప్రతి వస్తువును ఎల్ల దాటజాలదు. అత్తరులు, రంగుల డబ్బాలు, లిథియం బ్యాటరీలు విమానయాన నియమములకు లోబడియుండును. దంతపు ముద్రికలు, నెత్సుకే బొమ్మలు వెనుక విరివిగా అమ్ముడగుచుండెడివి. రకుటెన్, మెర్కారి సంస్థలు 2017లోను, యాహూ జపాను 2019 నవంబరు 1వ తేది నుండియు దంతపు విక్రయమును నిషేధించినవి. గిటార్ల తయారీలో వాడు రోజ్‌వుడ్ కలప 2017 జనవరి నుండి అంతర్జాతీయ వన్యజాతి ఒడంబడిక అదుపులోనికి రాగా, దాదాపు మూడేండ్లు పాత గిటార్ల వర్తకము అనుమతిపత్రముల చిక్కులో నలిగినది. తయారీ ముగిసిన వాద్యములకు 2019లో మినహాయింపు దొరకెను. పురాతన ఖడ్గములకు సాంస్కృతిక వ్యవహారముల శాఖ యొక్క ఎగుమతి ధ్రువపత్రము వలయును. పెక్కు మధ్యవర్తులు ఆ జోలికే పోరు. విద్యుత్పరికరములు కొనువారు జపాను గృహ విద్యుత్తు 100 వోల్టులదని గుర్తుంచుకొనవలెను. మన 230 వోల్టుల విద్యుత్తునకు సరాసరి తగిలించినచో ఆ పరికరమునకు అదియే కడపటి దినము.

దిగుమతి సుంకము దేశమునకొక తీరు. ఆస్ట్రేలియా 2018 జూలై నుండి వేయి డాలర్ల లోపు పొట్లములపైనను పన్ను విధించెను. ఐరోపా సమాఖ్య 22 యూరోల లోపు సరుకులకిచ్చు పన్ను మినహాయింపును 2021 జూలైలో రద్దుచేసెను. బహుమతి యని వ్రాసి పంపుమని మధ్యవర్తిని బ్రతిమాలుకొనుట చిరకాలపు దురలవాటు. మంచి సంస్థలు దాని కంగీకరింపవు. భారతదేశ విషయమున అది నిరర్థకము గూడ, ఏలయన 2019 డిసెంబరులో ప్రభుత్వము రాఖీలకును ప్రాణరక్షక ఔషధములకును తప్ప తపాలా, కొరియరు ద్వారా బహుమతిగా వచ్చు సరుకుల దిగుమతిని నిషేధించెను. కొరియరుపై వచ్చు పొట్లమునకు గ్రహీత గుర్తింపుపత్రము చూపనిదే కస్టమ్సువారు విడువరు.

తపాలా మార్గము సైతము స్థిరము కాదు. 2020లో కోవిడ్ వ్యాధిచే విమానములు నిలిచిపోగా జపాను తపాలా పెక్కు దేశములకు పొట్లముల స్వీకరణను ఆపివేసెను. గిడ్డంగులలో సరుకు పేరుకొని మధ్యవర్తులు ఉచిత గడువులను పొడిగింపవలసివచ్చెను. అమెరికా 800 డాలర్ల లోపు పొట్లములకిచ్చుచుండిన సుంకపు మినహాయింపును 2025 ఆగస్టు 29న అన్ని దేశములకు తొలగించినప్పుడు, జపాను తపాలా రెండు దినములు ముందుగనే నూరు డాలర్లు మించిన బహుమతులను, వర్తకపు పొట్లములను అమెరికాకు తీసికొనుట నిలిపివేసెను. మధ్యవర్తులు ఖాతాదారులను కొరియరు సంస్థలవైపు మరలించిరి. మార్గములే గాక సంస్థల యాజమాన్యములును మారుచున్నవి: యాహూ జపాను, సందేశ సేవ నడుపు లైన్ సంస్థలు 2023 అక్టోబరులో విలీనమై ఎల్‌వై కార్పొరేషను యేర్పడగా, అది బయ్యీ మాతృసంస్థయైన బీనోస్‌ను కొనుటకు 2024 డిసెంబరులో వాటాదారులకు ప్రతిపాదన ప్రకటించినది.